పిల్లల ఉబ్బసము: అదుపును కొలుచుట ఎట్లు?

(ఒక గ్రామ ఆరోగ్య సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రామములలో కొలత లేని వ్యవహారము లేదు. పాలకేంద్రమునకు పాలు పోసినపుడు "చూపునకు చిక్కగా ఉన్నవి" అని ఎవరును వెల కట్టరు. వెన్న శాతమును పరీక్షించి, ఆ అంకెను పుస్తకములో వ్రాసి, దానినిబట్టియే సొమ్ము చెల్లింతురు. ధాన్యము అమ్మునపుడు తేమ శాతము చూతురు. చేను సెంట్లలోను, వాన మిల్లీమీటర్లలోను లెక్కకు వచ్చును. కాని ఉబ్బసమున్న బిడ్డ ఎట్లున్నదని అడిగినచో మాత్రము "ఫరవాలేదండీ, బాగానే ఉంది" అని కంటి అంచనాతో సరిపెట్టుకొనుచున్నాము. ఈ అంచనా ఎంత పొరపాటు కావచ్చునో, దానికి బదులు ఏ కొలతను పాటింపవలెనో నేడు మీకు విన్నవింపదలచినాము.

మొదట మాకు తటస్థించిన ఒక సంగతి చెప్పెదము. తొమ్మిది సంవత్సరముల బాలిక నొకతెను తల్లి మా యొద్దకు తీసికొని వచ్చినది. "ఈ నెలలో మా పిల్ల బాగానే ఉందండీ. ఏవో రెండు మూడు రోజులు దగ్గింది, అంతే. పిల్లికూతలు లేవు. రాత్రిళ్ళు నిద్ర పోతోంది" అని ఆమె చెప్పినది. ఆమె మాటలో అబద్ధము లేదు. తాను చూచినదే చెప్పినది. పిమ్మట మేము బాలికను ప్రక్కన కూర్చుండబెట్టుకొని నెమ్మదిగా అడిగితిమి. బడిలో ఖోఖో ఆడునపుడు తాను పరుగెత్తనని, గట్టుమీద కూర్చుండి లెక్క వేయుదునని ఆమె చెప్పినది. దగ్గు పగటివేళ చాలసార్లు వచ్చుచున్నది. రాత్రులందు తరచుగా మెలకువ వచ్చి, గోడకు చేరగిలబడి కూర్చుండుచున్నది. "అమ్మను ఎందుకు లేపలేదమ్మా?" అని అడిగితిమి. "నాట్లకు తెల్లవారుజామునే పోవాలి కదండీ" అని తల వంచుకొన్నది.

ఆ తల్లి ముఖము మాకిప్పటికిని జ్ఞాపకమే. బిడ్డ ఆడుట మానినందున ఆయాసము కనబడలేదు. బిడ్డ దాచినందున రాత్రి బాధ తెలియలేదు. ఇల్లంతయు నెమ్మదిగా ఉన్నదనుకొనినది. నిజమునకు ఆ బిడ్డ, తన జబ్బునకు సరిపోవునంత చిన్నదిగా తన బ్రతుకును కుదించుకొన్నది. మేము నేడు చెప్పదలచినది ఇదియే: ఉబ్బసము అదుపులో ఉన్నదో లేదో తెలిసికొనవలెనన్న, లెక్క పెట్టవలెను, ఆ లెక్కలో బిడ్డ చెప్పిన మాటకును చోటుండవలెను.

ఉబ్బసము అనగా ఏమి?

ఊపిరితిత్తులలోనికి గాలిని గొనిపోవు గొట్టముల లోపలి పొర వాచియుండుటయే ఈ వ్యాధికి మూలము. వాచిన గొట్టములకు దుమ్ము, పొగ, జలుబు, చల్లగాలి వంటివి తగిలినపుడు, వాని చుట్టునున్న కండరములు బిగియును, లోపల కళ్ళె చేరును. త్రోవ ఇరుకై గాలి వెడలునపుడు వినిపించు ఈల వంటి ధ్వనినే మనము పిల్లికూత అందుము. ఇది అంటువ్యాధి కాదు. ఎవరి తప్పువలనను వచ్చినది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2019లో 26 కోట్ల 20 లక్షల మందికి ఉబ్బసము కలదు. అదే సంవత్సరమున 4 లక్షల 55 వేల మంది దీనివలన మరణించిరి.

ముఖ్యముగా గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఆయాసము తగ్గినంతమాత్రమున లోపలి వాపు తగ్గినట్లు కాదు. అందుచేతనే మందులు రెండు తెగలు. సాల్బుటమాల్ వంటిది బిగిసిన కండరములను సడలించి అప్పటికి ఉపశమన మిచ్చును. బుడెసొనైడ్ వంటి పీల్చు మందు వాపును తగ్గించును. దానిని వైద్యుడు చెప్పిన చొప్పున, బాధ లేని దినములందును వాడవలెను. మొదటి దానినే మాటిమాటికి పీల్చుచు, రెండవ దానిని అటకమీద పెట్టు ఇండ్లు పెక్కు కలవు. అట్టి యిండ్లలో వ్యాధి అణగినట్లు కన్పించుచు లోలోపల పెరుగుచుండును.

నాలుగు వారములు, నాలుగు ప్రశ్నలు

ఉబ్బస చికిత్సకు మార్గదర్శకములు కూర్చుటకై 1993లో ఒక అంతర్జాతీయ సంస్థ ఏర్పడినది. దానిని గీనా అని వ్యవహరింతురు. ఆరు సంవత్సరములు నిండిన పిల్లల విషయమున గత నాలుగు వారములను గూర్చి నాలుగు ప్రశ్నలు వేసికొనుమని ఆ సంస్థ చెప్పుచున్నది.

పగటివేళ బాధ వారమునకు రెండుసార్లకు మించి కలిగినదా? ఉబ్బసమువలన రాత్రి ఒక్కనాడైనను మెలకువ వచ్చినదా? ఉపశమన మందు వారమునకు రెండుసార్లకు మించి అవసరమైనదా? ఆటపాటలకు, పనిపాటలకు ఏ కొంచెమైనను ఆటంకము కలిగినదా?

నాలుగింటికిని "లేదు" అను సమాధానము వచ్చినచో అదుపు బాగుగా ఉన్నది. ఒకటి రెండింటికి "ఔను" అన్నచో అదుపు కొంతవరకే ఉన్నది. మూడు నాలుగింటికి "ఔను" అన్నచో అదుపు తప్పినది. అయిదేండ్లు, అంతకు లోపు పసివారి విషయమున లెక్క ఇంకను కఠినము. పగటి బాధ గాని, ఉపశమన మందు గాని వారమునకు ఒకమారు మించినను గమనింపవలసినదే.

"ఒక్క రాత్రి మెలకువ వచ్చిన అంత ప్రమాదమా?" అని మీలో కొందరు అడుగవచ్చును. ప్రమాదమని కాదు. ఉబ్బసము చక్కగా అదుపులో ఉన్న బిడ్డ రాత్రి సుఖముగా నిద్రింపవలెను. "ఉబ్బసమున్న పిల్ల కదా, ఆ మాత్రము ఉండదా" అను సర్దుబాటే మన గ్రామములలో ఈ వ్యాధికి పెద్ద అండ.

బిడ్డ చేతికి కలమిచ్చు ప్రశ్నావళి

నాలుగు మొదలు పదునొకండు సంవత్సరముల వయస్సు గల పిల్లల కొఱకు ప్రత్యేకముగా ఒక ప్రశ్నావళి కలదు. బాల్య ఉబ్బస అదుపు పరీక్ష అని దానిని పిలువవచ్చును. ఇది 2007లో వైద్య పత్రికయందు ప్రకటింపబడినది. ఇందు ప్రశ్నలు ఏడు. మొదటి నాలుగింటికి సమాధానము బిడ్డయే చెప్పవలెను. నేడు ఎట్లున్నది, పరుగెత్తునపుడు ఆడునపుడు ఎంత ఇబ్బంది, దగ్గు ఎంత, రాత్రి మెలకువ ఎంత అనునవి ఆ నాలుగు. ఏడ్చు ముఖము మొదలు నవ్వు ముఖము వరకు బొమ్మలుండును. చదువురాని బిడ్డయైనను వేలుపెట్టి చూపగలదు. ఒక్కొక్క దానికి 0 నుండి 3 వరకు మార్కులు.

తక్కిన మూడింటికి తల్లి గాని తండ్రి గాని సమాధాన మీయవలెను. గత నాలుగు వారములలో పగటి బాధ ఎన్ని దినములు, పిల్లికూతలు ఎన్ని దినములు, రాత్రి మెలకువ ఎన్ని దినములు అనునవి ఆ మూడు. ఒక్కొక్క దానికి 0 నుండి 5 వరకు మార్కులు. మొత్తము 27. వచ్చినది 19 గాని అంతకు తక్కువ గాని అయినచో అదుపు సరిగా లేదని తలంచి వైద్యుని చూడవలెను. పండ్రెండేండ్లు నిండినవారికి వేరొక పరీక్ష కలదు. అందు ప్రశ్నలు అయిదు, మార్కులు 25. అక్కడను 19 అను అంకెయే హద్దు.

మేము చెప్పిన బాలిక లెక్క ఇట్లు వచ్చినది. తల్లి సమాధానములకు 15కు 14. బిడ్డ సమాధానములకు 12కు 4. మొత్తము 18. తల్లి మాటను మాత్రమే వినియుండిన యెడల ఆ బిడ్డను అదే మందుతో ఇంటికి పంపియుందుము. బిడ్డ నాలుగు మార్కులే మమ్ము ఆపినవి.

ఈ పరీక్ష చేయునపుడు పెద్దలు ఒక నియమమును పాటింపవలెను. ప్రశ్నను చదివి వినిపింపవచ్చును, అర్థము చెప్పవచ్చును. సమాధానము మాత్రము అందీయరాదు. "నిన్న బాగానే ఆడావుగా, బాగానే ఉందని చెప్పు" అను తండ్రి మాటతో పరీక్ష వ్యర్థమగును. తక్కువ మార్కులు వచ్చినవని బిడ్డను కోపగింపరాదు. ఇవి బడిలోని మార్కులు కావు. ఇవి తగ్గినచో మారవలసినది చికిత్స.

మాటతో వచ్చు చిక్కు

అడుగుట యందును ఒక మెలకువ కావలెను. పిల్లల ఉబ్బసమును గూర్చి 1991లో ఒక అంతర్జాతీయ పరిశోధన ప్రారంభమైనది. దాని ఫలితములు 1998లో వెలువడునాటికి 56 దేశములలోని 155 కేంద్రములలో 13, 14 ఏండ్ల పిల్లలు 4 లక్షల 63 వేల మందికి పైగా ప్రశ్నింపబడిరి. ఆ పరిశోధకులకు ఎదురైన చిక్కులలో భాష ఒకటి. ఈల వంటి ఆ ఊపిరి ధ్వనికి ఎన్నో భాషలలో సరియైన మాట లేదు. అందుచేత వ్రాత ప్రశ్నలతోపాటు, ఉబ్బసముతో బాధపడు వారిని చలనచిత్రములో చూపి "నీకెప్పుడైనను ఇట్లయినదా?" అని అడుగు పద్ధతిని గూడ ఏర్పరచిరి.

మనకా కొరత లేదు. పిల్లికూత అను చక్కని మాట మన తెలుగునకు కలదు. అయినను, కొందరు ఆయాసమందురు, కొందరు ఎగరొప్పు అందురు. పరుగెత్తిన పిమ్మట ఏ బిడ్డకైనను వచ్చు రొప్పునకును, ఈ పిల్లికూతకును భేదము కలదు. రొప్పు కొంతసేపటికి దానంతటదియే శాంతించును. ఉబ్బసమునందు ఛాతీ బిగిసి, దగ్గు తెరలు తెరలుగా వచ్చును. కావున ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ సోదరీమణులు ఈ ప్రశ్నలడుగునపుడు ఆ ధ్వనిని నోటితో చేసి చూపి అడుగుట మేలు.

ఊపిరి ఒక్కటే కాదు, బ్రతుకును కొలువవలెను

ఇంతవరకు చెప్పినది వ్యాధి లక్షణముల లెక్క. ఇక బిడ్డ జీవితము ఎట్లున్నదను ప్రశ్న వేరు. కెనడా దేశమునందలి మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయములో ఎలిజబెత్ జూనిపర్ అను విదుషీమణియు, ఆమె సహచరులును 7 నుండి 17 సంవత్సరముల పిల్లల కొఱకు ఒక ప్రశ్నావళిని సిద్ధపరచి 1996లో ప్రకటించిరి. అందు 23 ప్రశ్నలు కలవు. పది ప్రశ్నలు బాధలను గూర్చినవి, అయిదు పనులకు కలుగు ఆటంకములను గూర్చినవి, ఎనిమిది మనస్సును గూర్చినవి. గడచిన వారమును తలచుకొని బిడ్డ 1 నుండి 7 వరకు ఒక అంకెను ఎన్నుకొనవలెను. 1 అన్న మిక్కిలి కష్టము, 7 అన్న ఏ కష్టమును లేదు. సగటున అర మార్కు మారినను బిడ్డకు అనుభవములో తేడా తెలియునని వారు నిర్ణయించిరి. ఈ ప్రశ్నలు తల్లిదండ్రుల ఎదుట కాక, బిడ్డను విడిగా అడుగవలెనని నియమము. ఆ కారణమును మన బాలికయే చెప్పినది.

ఆ ఎనిమిది మనస్సు ప్రశ్నలలో ఉన్నదేమి? భయము, చిరాకు, కోపము, తోటివారితో సమానముగా నడువలేకపోతినన్న దిగులు, అందరిలో నేను వేరు అను భావము. ఊపిరితిత్తుల బలమును కొలుచు యంత్రము ఈ దిగులును చూపలేదు. యంత్రపు అంకె బాగుగా ఉన్న పిల్లలలో జీవితము కుంటుపడినవారును, అంకె తక్కువగా ఉండియు ధైర్యముగా తిరుగువారును కలరు. కావున ఒక కొలత మరియొక దానికి బదులు కాదు.

జబ్బుపడిన బిడ్డను పెంచు పెద్దలకును 13 ప్రశ్నలతో వేరొక ప్రశ్నావళిని వారే కూర్చిరి. ఇది మిక్కిలి సమంజసము. బిడ్డకు నిద్ర లేని రాత్రి తల్లికి కూలి పోయిన పగలు. తిరునాళ్ళకు, పెండ్లికి పోవుటకు జంకు ఇల్లంతటిది. ఆడపిల్లకు ఉబ్బసమున్నదని తెలిసిన రేపు సంబంధములు రావేమో అని మందును దాచిపెట్టి వాడించు కుటుంబములను మేము చూచితిమి. దాచిపెట్టిన మందు వేళకు చేతికందదు.

ఊది చూచు సాధనము

ఊపిరి వేగమును కొలుచు చిన్న గొట్టము ఒకటి కలదు. దానిని పీక్ ఫ్లో మీటరు అందురు. బ్రిటనునందు బి. ఎం. రైట్ అను శాస్త్రజ్ఞుడు నిర్మించిన ఇట్టి సాధనము 1959లో వైద్య లోకమునకు తెలిసినది. తరువాత దానిని చేతిలో ఇముడునట్లు చిన్నదిగా చేసిరి. అయిదారేండ్లు దాటిన పిల్లలు నేర్చుకొనగలరు. నిలువబడి, నిండుగా గాలి పీల్చి, పెదవులు బిగించి, ఒక్క ఊపున ఊదవలెను. మూడుమార్లు ఊది, హెచ్చు అంకెను వ్రాసికొనవలెను. ఆరోగ్యముగా ఉన్న దినములలో బిడ్డ ఊదగలిగిన మేలైన అంకెయే ఆ బిడ్డకు ప్రమాణము. అందులో నూటికి 80 వంతులకు తగ్గినచో జాగ్రత్తపడవలెను. 50కి తగ్గినచో అపాయము. ప్రక్కయింటి పిల్లవాని అంకెతో పోల్చరాదు.

అంకె తగ్గినచో ఏమి చేయవలెను?

తక్షణమే మందు పెంచవలెనని కాదు. మొదట మూడు సంగతులు విచారింపవలెను. నివారణ మందును ప్రతిదినము వాడుచున్నారా? ఇన్‌హేలరును సరిగా పీల్చుచున్నారా? ఇంటిలో పొగ, దుమ్ము ఉన్నవా?

చిన్నపిల్లలు ఇన్‌హేలరును నేరుగా నోటపెట్టుకొన్నచో మందు చాలభాగము గొంతులోనే నిలిచిపోవును. నడుమ స్పేసరు అను డొల్ల గొట్టము ఉండవలెను; పసివారికి దానికి ముసుగు తగిలింపవలెను. అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున తగిన రంధ్రము చేసి తయారుచేసిన స్పేసరు గూడ కొనిన దానివలె పనిచేయునని దక్షిణాఫ్రికాలో జరిగిన పరిశోధన 1999లో తెలిపినది. అయితే దానిని ఆరోగ్య సిబ్బంది చూపిన విధముగానే చేసికొనవలెను. వాపును తగ్గించు మందు పీల్చిన పిదప నోరు పుక్కిలింపవలెను.

కట్టెల పొయ్యి పొగ, బీడీ చుట్టల పొగ, దోమల చుట్ట పొగ, నూర్పిడి దుమ్ము, వయ్యారిభామ మొక్క పుప్పొడి, దీపావళి టపాకాయలు ఇవన్నియు బిడ్డ ఊపిరికి శత్రువులు. అన్నిటిని ఒక్కనాడే తొలగింపలేము. కాని తాతగారు చుట్టను పంచలో కాక వీధి చివరకు పోయి కాల్చుట ఖర్చు లేని వైద్యము.

"పీల్చు మందు అలవాటైపోవును, బిడ్డ ఎదుగదు" అను భయము కలదు. ఆ మందు మత్తుపదార్థమువలె అలవాటగునది కాదు. ఎదుగుదలలో స్వల్పమైన తగ్గుదల కనుపించుట నిజమే; కాని అదుపు తప్పిన ఉబ్బసము కలిగించు కీడు అంతకన్న మిక్కిలి ఎక్కువ. ఈ భయమునకు గూడ కొలతయే సమాధానము. సుమారు మూడు నెలలు అదుపు బాగుగా నిలిచినచో, వైద్యుడు మోతాదును మెల్లగా తగ్గించి చూచును. లెక్క లేని ఇంట మందు తగ్గించుటయు చీకటిలో నడకయే.

మృగశిర కార్తెకు హైదరాబాదులో పంచు చేపమందునకు దూరప్రాంతముల నుండి జనులు పోవుట మీరెరిగినదే. దాని గుణమును శాస్త్రీయ పరీక్షలు రుజువు చేయలేదు. పోవుట మానుట మీ యిష్టము. మా ప్రార్థన ఒక్కటే. దానిని నమ్మి వైద్యుడిచ్చిన మందును ఆపకుడు. పోకముందును, వచ్చిన పిమ్మటను బిడ్డ మార్కులు వ్రాసి చూచుకొనుడు.

అంకెను చూడక పరుగెత్తవలసిన వేళ

కొలతకును హద్దు కలదు. మార్కులు బాగుగా వచ్చిన బిడ్డకును ఎప్పుడైనను తీవ్రమైన ఉబ్బసపు పోటు రావచ్చును. గత సంవత్సరమున అట్టి పోటు వచ్చియున్నచో, మార్కులెట్లున్నను వైద్యునితో చెప్పవలెను. బిడ్డ ఒక వాక్యమును పూర్తిగా పలుకలేకపోయినను, డొక్కలెగురవేయుచున్నను, పెదవులు నీలమైనను, ఉపశమన మందునకు తెరపి కలుగకపోయినను ప్రశ్నావళిని ప్రక్కన పెట్టి 108 వాహనమును పిలువుడు. ఆసుపత్రి చేరువరకు ఉపశమన మందును స్పేసరుతో ఇచ్చుచుండుడు.

గోడమీది క్యాలెండరు

తుదకు మీరు ఇంటికి పోయి చేయవలసిన పని చెప్పి ముగించెదము. ప్రతి ఇంట గోడమీద తెలుగు క్యాలెండరు వ్రేలాడుచుండును. పాలవాని లెక్క, గ్యాసు బండ వచ్చిన తేదీ దానిమీదనే వ్రాయుదురు. ఉబ్బసమున్న బిడ్డ కలిగినవారు ఆ తేదీల గదులలోనే మూడు గుర్తులు వేయుడు. పగలు బాధ కలిగినచో "ప", రాత్రి మెలకువ వచ్చినచో "రా", ఉపశమన మందు వాడినచో "మ". పెన్సిలు బిడ్డ చేతికే ఇండు. నాలుగు వారములు నిండిన పిదప ఆ కాగితమును ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపొండు. వైద్యునకు మీ "బాగానే ఉంది" అను మాటకన్న ఆ గుర్తులు నూరు రెట్లు ఉపయోగపడును.

ఆ బాలిక మూడు నెలల తరువాత మరల వచ్చినది. నివారణ మందును ప్రతిదినము స్పేసరుతో పీల్చుచున్నది. వంటపొయ్యి పెరటిలోనికి మారినది. బిడ్డ మార్కులు 4 నుండి 10కి పెరిగినవి. తల్లి మార్కులు మాత్రము 14 నుండి 13కు తగ్గినవి. మొత్తము 23. తల్లి మార్కు ఎందుకు తగ్గినదని మీరడుగవచ్చును. ఇప్పుడామె రాత్రి లేచి చూచుచున్నది. ఆ తగ్గిన ఒక్క మార్కును మేము నష్టముగా తలంపలేదు.

ఖోఖోలో ఇపుడు లెక్క ఎవరు వేయుచున్నారని బాలికను అడిగితిమి. "తెలియదండీ, నేను ఆటలో ఉన్నా" అన్నది.

మీ మీ యిండ్లలోని పిల్లలను నేటి రాత్రియే ప్రక్కన కూర్చుండబెట్టుకొని అడుగుడు. వారు చెప్పునది ఓపికతో వినుడు.